మహబూబ్‌నగర్‌లో ఉంటూ ఫుట్‌బాల్ వైద్యంలో చేతి నైపుణ్యం సంపాదించడం ఎలా?

ఈ ప్రశ్న అడిగిన వారు ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి మహబూబ్‌నగర్‌లో పనిచేస్తున్న యువ వైద్యులు. ఫిఫా ఆన్‌లైన్‌లో ఉచితంగా అందించే ఫుట్‌బాల్ వైద్య డిప్లొమా పాఠాలు చదివారు. పరీక్షల పేర్లన్నీ తెలిసినా, తీరా ఆటగాడి మోకాలి మీద చెయ్యి వేసినప్పుడు చేతికి ఏం తెలుస్తున్నదో నమ్మకం కలగడం లేదని, పెద్ద క్లబ్బు గానీ క్రీడా వైద్య విభాగం గానీ లేని జిల్లాలో ఉంటూ ఆ నమ్మకం ఎలా సంపాదించుకోవాలో చెప్పమని అడిగారు. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో ఎముకల వైద్యుడిగా పనిచేస్తూ, బడుల, కాలేజీల టోర్నమెంట్లకు చాలా ఏళ్లుగా గ్రౌండులో కూర్చుంటున్నవాడిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెబుతాను. ఒకే ఆటగాడిని మూడు సందర్భాల్లో చూసిన వైద్యుడికే ఈ పనిలో చెయ్యి కుదురుతుంది: దెబ్బ తగిలిన నిమిషంలో గ్రౌండులో, ఆ తరువాత నాలుగైదు రోజుల్లో ఓపీలో, కొన్ని వారాలకో నెలలకో అతడు మళ్లీ పరుగెత్తడానికి వచ్చినప్పుడు. హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో కూర్చున్న నిపుణుడికి సాధారణంగా దొరికేది ఈ మూడింటిలో మధ్యది ఒక్కటే, అది కూడా చేతిలో ఎం.ఆర్.ఐ. రిపోర్టుతో వచ్చిన రోగి రూపంలో. జిల్లాలో ఉన్న మీకు ఆటగాడి బడి తెలుసు, ఊరు తెలుసు, అతడి పి.ఇ.టి. సారు ఫోను నంబరు మీ దగ్గర ఉంటుంది. మూడు సందర్భాల్లోనూ అతడిని చూడగల అవకాశం మీకే ఎక్కువ. కాబట్టి జిల్లాలో ఉండడాన్ని లోటుగా భావించవద్దు.

అయితే గ్రౌండులో అడుగు పెట్టే ముందే పూర్తిగా సిద్ధపడి ఉండవలసిన విషయం ఒకటుంది. అది గుండె ఆగిన ఆటగాడి విషయం. ఎవరూ తాకకుండా, నడుస్తూనో పరుగెత్తుతూనో కుప్పకూలి, పిలిస్తే పలకని ఆటగాడిని వేరే కారణం రుజువయ్యే దాకా గుండె ఆగినవాడిగానే చూడాలి. అలాంటివారికి మొదటి నిమిషంలో కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. అది చూసి చుట్టూ ఉన్నవాళ్లు ఫిట్స్ అనుకొని చేతిలో తాళంచెవులు పెడతారు. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే ఊపిరి ఆడుతున్నదని అనుకుంటారు. ఈ రెండింటినీ చూసి మోసపోకుండా ఛాతీ మీద చేతులు పెట్టగలగడమే ఫుట్‌బాల్ వైద్యుడి మొదటి నైపుణ్యం. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లో క్రిస్టియన్ ఎరిక్సన్ ఎవరి తాకిడీ లేకుండా పడిపోయాడు. గ్రౌండులోనే సి.పి.ఆర్. (ఛాతీని నొక్కుతూ, శ్వాస అందిస్తూ ప్రాణం నిలిపే పద్ధతి) మొదలుపెట్టి, యంత్రంతో గుండెకు షాక్ ఇవ్వడం వల్ల బతికి, మరుసటి ఏడాది తిరిగి ఆడాడు. అంతకు ముందు 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో డెంపో జట్టు ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొడుతూ గోల్‌కీపర్‌తో ఢీకొని పడిపోయి మరణించాడు. తాకిడి జరిగింది కదా అని గుండె సంగతి మరిచిపోకూడదని ఆ మరణం మనకు చెబుతున్నది.

సి.పి.ఆర్. లెక్కలు మీకు తెలిసే ఉంటాయి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కుళ్లకు 2 శ్వాసలు. లెక్క తెలిసినంత మాత్రాన చెయ్యి ఆడదు. పెద్దవాడి ఛాతీని సరైన లోతుకు రెండు నిమిషాలు నొక్కితే ఎవరైనా అలసిపోతారు. అలసిన విషయం నొక్కేవారికి తెలియక ముందే లోతు తగ్గిపోతుంది. మీ వైద్య కళాశాల నైపుణ్య ప్రయోగశాలలో బొమ్మ మీద తరచూ సాధన చేయండి, వీలైతే మొరం నేల మీద మోకాళ్లు ఆనించి కూడా చేయండి, ఎందుకంటే అక్కడ మీ మోకాళ్ల కింద మెత్తటి చాప ఉండదు. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మన గ్రౌండుల్లో చాలా చోట్ల ఆ యంత్రం ఉండదు. అందువల్ల దగ్గరలో అది ఏ ఆసుపత్రిలో ఉందో, మ్యాచ్ రోజున తెప్పించుకోవచ్చో లేదో ముందే కనుక్కోవాలి. మరొక్క మాట. మ్యాచ్ మొదలయ్యే ముందు గ్రౌండు చుట్టూ ఒకసారి నడిచి, 108 బండి లోపలికి ఏ గేటు గుండా రావాలో, ఆ గేటుకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి జేబులో ఉందో తెలుసుకోండి. మన దగ్గర చాలా గ్రౌండుల్లో పశువులు రాకుండా, వాహనాలు తిరగకుండా పెద్ద గేటుకు తాళం వేసి, పక్కన మనిషి పట్టేంత దారి మాత్రమే వదులుతారు. ఆ తాళం సంగతి చూడడం కూడా వైద్యుడి పనిలో భాగమే.

ఇక గ్రౌండులోకి ఎలా వెళ్లాలన్నది. నల్లగొండలో ఎన్.జి. కాలేజీ గ్రౌండు, మేకల అభినవ్ స్టేడియం, మహబూబ్‌నగర్‌లో జిల్లా స్టేడియం, ఇంకా గురుకులాలు, విశ్వవిద్యాలయాల గ్రౌండులు ఉన్నాయి. ఏడాదిలో ఏదో ఒక టోర్నమెంటు ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. నిర్వాహకులు వైద్యుడి కోసం ఎంతో వెతుకుతారు, దొరకకపోతే ప్రథమ చికిత్స పెట్టెతో సరిపెట్టుకుంటారు. కాబట్టి మీరే వెళ్లి పి.ఇ.టి. సార్లను కలిసి, డబ్బు అడగకుండా ఒక సీజను మొత్తం వస్తానని చెప్పండి. ఒక్క టోర్నమెంటుకు వెళ్లి ఫోటో దిగి వచ్చేస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు. ఒకే జట్టును పట్టుకొని, వాళ్ల ప్రాక్టీసుకు వారానికి ఒక సాయంత్రమైనా వెళ్లడం పది టోర్నమెంట్లు చుట్టిరావడం కన్నా ఎన్నో రెట్లు మేలు. మైనర్లను పరీక్షించేటప్పుడు ఉపాధ్యాయుడో తల్లిదండ్రులో పక్కన ఉండాలి. ఆడపిల్లల జట్టయితే ఒక మహిళా ఉపాధ్యాయురాలు తప్పనిసరిగా ఉండాలి.

మ్యాచ్ జరుగుతున్నప్పుడు బంతిని మాత్రమే చూసే అలవాటు మానుకోవాలి. దెబ్బ తగిలిన తీరును చూడగలిగితే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది. పాదం నేలకు అతుక్కొని ఉండగా మోకాలు లోపలికి మళ్లి ఒళ్లు తిరిగిందా, గాలిలో నుంచి దిగుతూ ఎదుటివాడి పాదం మీద అడుగు పడి చీలమండ లోపలికి మడత పడిందా, పూర్తి వేగంతో పరుగెత్తుతూ ఒక్కసారిగా తొడ వెనక చెయ్యి పెట్టుకొని ఆగిపోయాడా అన్నది కళ్లతో చూసినవారికి ఉన్న ఆధారం ఓపీలో రెండు రోజుల తరువాత వినే కథకు ఉండదు. రెఫరీ సైగ చేస్తే తప్ప లోపలికి పరుగెత్తకూడదన్నది ఆట నియమం. అందుకే మ్యాచ్‌కు ముందే రెఫరీని పలకరించి, మీరు ఎక్కడ కూర్చుంటారో చూపించి ఉంచండి. లోపలికి వెళ్లిన తరువాత మీకు దొరికేది నిమిషం లోపే. ఆ నిమిషంలో తేల్చవలసింది జబ్బు పేరు కాదు, ఇతడు ఆటలో కొనసాగవచ్చా, నడిచి బయటకు రావచ్చా, స్ట్రెచర్ కావాలా అన్నది మాత్రమే.

ఇప్పుడు మీరు ప్రత్యేకంగా అడిగిన మోకాలి విషయానికి వస్తాను. చేతికి నమ్మకం రాకపోవడానికి కారణం చాలామంది యువ వైద్యులు దెబ్బ తిన్న మోకాలినే పరీక్షించడం, బాగున్న మోకాళ్లను పట్టుకోకపోవడం. సీజను మొదట్లో జట్టులోని ఆటగాళ్లందరినీ ఒక సాయంత్రం వరుసగా పడుకోబెట్టి, రెండు మోకాళ్లకూ లాక్‌మన్ పరీక్ష, అంటే మోకాలి లోపల ఎముకలను కట్టి ఉంచే లిగమెంటు తెగిందా లేదా చేత్తో చూసే పరీక్ష, చేయండి. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు మాత్రమే వంచాలి. ఒక చేత్తో తొడ ఎముకను బయటి వైపు నుంచి కదలకుండా పట్టుకొని, రెండో చేతి బొటనవేలు మోకాలి కింది ఎముక మీద ముందు వైపు గుబ్బ దగ్గర ఉండేలా పట్టుకొని, ఆ ఎముకను ముందుకు లాగాలి. ఆటగాళ్ల తొడలు లావుగా ఉంటాయి, మన చెయ్యి చాలదు. అప్పుడు మీ సొంత మోకాలిని అతడి తొడ కింద పెట్టి, తొడను దాని మీద ఆనించి, పై నుంచి చేత్తో నొక్కి పట్టండి. మీ మోకాలి మీద అతడి కాలు బరువు పూర్తిగా వాలినప్పుడే కండరం వదులైందని అర్థం. ఎముక ఎంత ముందుకు వచ్చిందన్నది ఒక ఎత్తు, చివరికి తాడు బిగిసినట్టు గట్టిగా ఆగిందా, మెత్తగా జారుతూ పోయిందా అన్నది మరొక ఎత్తు. ఆ చివరి ఆగుడును బాగున్న మోకాళ్లలో పదే పదే పట్టుకున్న వేళ్లకు, అది లేని రోజున ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కొందరికి పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉంటాయి. సీజను మొదట్లో పరీక్షించి రాసి పెట్టుకుంటే, తరువాత దెబ్బ తగిలినప్పుడు కొత్తగా వచ్చిన వదులెంతో పోల్చుకోవచ్చు.

దెబ్బ తగిలిన వెంటనే, వాపు రాకముందు, కండరాలు బిగుసుకోకముందు చేసిన లాక్‌మన్ పరీక్షకు సాటి లేదు. గంట గడిస్తే నొప్పి, వాపు వల్ల అదే పరీక్ష దాదాపు పనికిరాకుండా పోతుంది. కాబట్టి ఆటగాడు బయటకు రాగానే షూ విప్పించి, బెంచీ పక్కన పడుకోబెట్టి మోకాలు చూడండి. రెండు గంటల లోపల మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరిందని భావించాలి. అలాంటి మోకాళ్లలో ఎక్కువ శాతం ముందు క్రూసియేట్ లిగమెంటు, అంటే ఎ.సి.ఎల్., తెగినవే. మర్నాటికి నెమ్మదిగా వచ్చిన వాపు వేరు, దానికి మినిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిరగడం వంటి కారణాలు ఎక్కువ. వాపు ఎప్పుడు వచ్చిందన్న ఒక్క ప్రశ్న ఖర్చు లేనిది, విలువ మాత్రం చాలా ఎక్కువ. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడు మోకాలి నొప్పి అంటూ వస్తే, మోకాలితో పాటు తుంటిని కూడా తిప్పి చూడడం మరువవద్దు. తుంటి ఎముక తల జారిన పిల్లలు మోకాలి నొప్పితోనే కుంటుతూ వస్తారు.

స్కాన్‌కు పంపే ముందు మీ అంచనాను కాగితం మీద రాయండి. ఏ లిగమెంటు, పూర్తిగానా సగమా, మినిస్కస్ కూడానా, మీకు ఎంత నమ్మకం ఉంది, అన్నీ రాయండి. రిపోర్టు వచ్చాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వీలైతే ఫిల్మ్ పట్టుకొని రేడియాలజిస్టు దగ్గర కూర్చోండి, శస్త్రచికిత్స జరిగితే ఆపరేషన్ థియేటర్‌లో నిలబడి చూసి రండి. హైదరాబాదులో నిమ్స్, బీబీనగర్‌లో ఎయిమ్స్ మనకు ఎంతో దూరం కాదు. మీరు పంపిన రోగికి ఏం కనిపించిందో తెలుసుకోవడానికి వస్తానంటే సాధారణంగా ఎవరూ కాదనరు. రిపోర్టు చదివిన తరువాత పరీక్ష చేస్తే మాత్రం మీ చెయ్యి ఎప్పటికీ ఏమీ నేర్చుకోదు, రిపోర్టులో ఉన్నదే వేళ్లకు తగిలినట్టు అనిపిస్తుంది.

చీలమండ మనకు అన్నింటి కన్నా తరచుగా ఎదురయ్యే దెబ్బ. ఇక్కడ ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చే ఒట్టావా నియమాలు గ్రౌండులోనే అక్కరకు వస్తాయి: చీలమండకు రెండు పక్కలా పొడుచుకొని ఉండే ఎముకల వెనక అంచు మీద, కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉందా, పాదం బయటి అంచున ఐదో ఎముక మొదట్లో గానీ, లోపలి వైపు నావిక్యులర్ ఎముక మీద గానీ నొప్పి ఉందా, దెబ్బ తగిలినప్పుడూ మీరు చూసేటప్పుడూ నాలుగు అడుగులు వేయలేకపోయాడా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి, ఏదీ లేకపోతే విరగలేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఎముక అంచును నొక్కడానికీ దాని ముందున్న లిగమెంటును నొక్కడానికీ మధ్య తేడా వేలెడంత కూడా ఉండదు. అది మీ సొంత చీలమండ మీద, ఇంట్లో వాళ్ల చీలమండల మీద నేర్చుకోవలసిన విషయం. లిగమెంటు ఎంత మేర తెగిందన్నది మొదటి రోజు తేలదు, ఒళ్లంతా నొప్పిగా ఉన్నవాడి చీలమండ ఎవరికీ నిజం చెప్పదు. నాలుగైదు రోజుల తరువాత వాపు తగ్గినప్పుడు మళ్లీ రప్పించుకొని పరీక్షిస్తే చాలా స్పష్టంగా తెలుస్తుంది. పైన చెప్పిన రెండో సందర్భం ఇదే. చాలామంది వైద్యులు వదిలేసేది కూడా దీన్నే.

ఆ నాలుగైదు రోజుల్లో మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. నూనె పోసి తోముతారు, లేదా నాటు కట్టు కట్టించుకొని వస్తారు. ఆటగాడిని, అతడి తల్లిని కోప్పడి లాభం లేదు. వాళ్లకు ఏం చేయాలో గ్రౌండులోనే చెప్పి పంపితే ఆ అవసరమే రాదు. ముఖ్యంగా తొడ ముందు భాగంలో ఎదుటివాడి మోకాలు బలంగా గుచ్చుకున్న దెబ్బకు తోముడు నిజంగా హాని చేస్తుంది. లోపల చేరిన రక్తంలో ఎముక లాంటి గట్టి పదార్థం పేరుకొని, నెలల తరబడి మోకాలు వంగకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ దెబ్బకు వెంటనే చేయవలసింది మోకాలిని నొప్పి భరించగలిగినంత వరకు, సుమారు 120 డిగ్రీల దాకా వంచి, క్రేప్ బ్యాండేజీతో అలాగే చుట్టి, ఒక రోజు పాటు ఉంచి, ఐసు పెట్టడం. తొడ రాయిలా బిగిసి, నొప్పి మందులకు కూడా లొంగకుండా పెరుగుతూ ఉంటే కట్టు విప్పి వెంటనే ఆసుపత్రికి పంపాలి.

తొడ వెనక కండరం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. యూరప్‌లో పెద్ద క్లబ్బుల్లో 2001 నుంచి సాగుతున్న యూఎఫా (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) గాయాల అధ్యయనంలో మొత్తం గాయాల్లో ఈ కండరం, అంటే హ్యామ్‌స్ట్రింగ్, గాయాల వాటా 12 శాతం నుంచి 2021-22 నాటికి 24 శాతానికి పెరిగింది. అన్ని హంగులూ ఉన్న చోట కూడా తగ్గని గాయం ఇది. పరీక్షించేటప్పుడు బోర్లా పడుకోబెట్టి, కూర్చునే ఎముక నుంచి కిందికి వేలితో నొక్కుకుంటూ వచ్చి, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పెన్నుతో చర్మం మీదే గీతలు పెట్టి, టేపుతో కొలిచి రాయండి. మోకాలిని కొద్దిగా వంచి ఒకసారి, 90 డిగ్రీలు వంచి మరొకసారి మీ చేతికి ఎదురు నెట్టమని చెప్పి రెండు కాళ్ల బలాన్ని పోల్చండి. వారానికి ఒకసారి అదే కొలత తీస్తే, కండరం మానుతున్న తీరు మీ పుస్తకంలోనే కనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడు బంతిని తన్నుతూ ‘టక్’మన్నదని చెప్పి, నొప్పి సరిగ్గా ఎముక మీదే ఉంటే, అది కండరం చీలడం కాకపోవచ్చు. ఎదుగుతున్న వయసులో కండరం కన్నా అది అతుక్కున్న ఎముక ముక్కే ముందు ఊడుతుంది. అప్పుడు ఎక్స్‌రే తప్పనిసరి. మర్రిగూడ, మునుగోడు వైపు నడివయసు కోచ్‌లు, రెఫరీలు నడుము, తుంటి బిగిసి వస్తే ఫ్లోరోసిస్‌ను (తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగిసే జబ్బును) కూడా మనసులో ఉంచుకోవాలి. దాన్ని గజ్జ కండరం పట్టేసిందని పొరబడి నెలల తరబడి వ్యాయామాలు చేయించకూడదు.

తలకు తగిలిన దెబ్బ విషయంలో వైద్యుడికి పరీక్షా నైపుణ్యం ఎంత కావాలో, మాట మీద నిలబడే ధైర్యం కూడా అంతే కావాలి. హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచింది. అంతకు ముందు ఒక మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి ఫార్వర్డ్‌గా మార్చి ఆడిస్తే, ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు. ఆ విజయం మనందరికీ గర్వకారణం. కానీ నేడు అలాంటి ఆటగాడు నా ముందుకు వస్తే, కంకషన్ (దెబ్బకు మెదడు పనితీరు తాత్కాలికంగా చెదరడం) లేదని తేలేదాకా ఆడనివ్వను. మీరు కూడా అలాగే ఉండాలి. బయటకు రప్పించిన వెంటనే అడిగే ప్రశ్నలు సాధన చేయండి: ఇది ఏ గ్రౌండు, ఇప్పుడు మొదటి సగమా రెండో సగమా, చివరి గోల్ ఎవరు కొట్టారు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడారు, అందులో గెలిచారా. పిల్లవాడు ఇంట్లో లంబాడీ గానీ ఉర్దూ గానీ మాట్లాడేవాడైతే అతడి భాషలోనే అడిగించండి. భాష రాక తడబడడానికీ తలకు దెబ్బ తగిలి తడబడడానికీ తేడా తెలియాలి. ఒక్క ప్రశ్నకు తప్పు చెప్పినా, చూపు శూన్యంగా ఉన్నా, నడకలో తూలినా ఆ రోజుకు ఆట లేదు. కంకషన్‌ను తేల్చే స్క్యాట్ 6 అనే పూర్తి పరీక్షకు కనీసం 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది, దాన్ని ప్రశాంతంగా కూర్చోబెట్టి చేయాలి, గట్టు మీద హడావిడిగా కాదు. పదమూడేళ్ల లోపు వారికి పిల్లల కోసం వేరే పత్రం ఉంది. తిరిగి ఆటలోకి రావడానికి ఆరు మెట్లు ఉన్నాయి, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. తల తాకే అవకాశం ఉన్న ప్రాక్టీసుకు వైద్యుడి అనుమతి కావాలి. పి.ఇ.టి. సారు ‘ఏం కాలేదు సార్, సెమీస్ ఉంది’ అని బతిమాలుతారు. టోర్నమెంటుకు ముందు రోజే వాళ్లందరినీ కూర్చోబెట్టి, అనుమానం ఉంటే బయటే అన్న నియమానికి ఒప్పించి ఉంటే మ్యాచ్ మధ్యలో వాదన ఉండదు.

వేసవి శిక్షణ శిబిరాలు మే నెలలో జరుగుతాయి, నల్లగొండ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఆటగాడు తికమకగా మాట్లాడుతూ, తూలుతూ, శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటే అది వడదెబ్బ. చెమట పట్టి ఉన్నా సరే అది వడదెబ్బే. చంకలో పెట్టిన థర్మామీటరు అప్పుడు తక్కువ చూపుతుంది, మలద్వారంలో చూసిన వేడే నమ్మదగినది. ముందు చల్లార్చి, ఆ తరువాతే తరలించాలి. పెద్ద డ్రమ్ము, లేదా నలుగురు అంచులు పట్టుకున్న టార్పాలిన్, దానిలో నీళ్లు, ఐసు ఫ్యాక్టరీ నుంచి ఉదయమే తెప్పించిన గడ్డలు ఉంటే చాలు. మెడ దాకా ముంచి, నీళ్లు కలియబెడుతూ, 39 డిగ్రీలకు దిగేదాకా అరగంటలోపు చల్లార్చగలిగితే ప్రాణం నిలుస్తుంది. మ్యాచ్‌కు ముందు ఒకసారి మొత్తం బృందంతో ఇది చేసి చూడండి. ఆటను ఉదయం, సాయంత్రాలకు మార్పించడం అన్నింటి కన్నా మంచి వైద్యం.

మూడో సందర్భం, అంటే ఆటగాడు తిరిగి రావడం, పుస్తకాల్లో చిన్న అధ్యాయం, పనిలో మాత్రం అతి పెద్దది. నొప్పి లేదన్న మాట మీద ఎవరినీ పంపవద్దు. మీరే గ్రౌండుకు వెళ్లి, నేరుగా పరుగు, తరువాత వంకర పరుగు, ఉన్నట్టుండి ఆగడం, ఎగిరి ఒంటికాలి మీద దిగడం, చివరికి బంతితో పూర్తి బలం తన్నడం వరుసగా చేయించి చూడండి. ఒంటికాలి గెంతు దూరం బాగున్న కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉండాలి. ఎ.సి.ఎల్. శస్త్రచికిత్స అయినవారిని తొమ్మిది నెలల లోపు మ్యాచ్‌కు అనుమతించకూడదు. కాలు బాగుందనిపించినా సరే, తొందరపడినవారిలో మళ్లీ తెగడం ఎక్కువని తేలింది. ఇక్కడ మన పిల్లల మీద ఉండే ఒత్తిడి వేరు. యూనివర్సిటీ జట్టులో చోటు, స్పోర్ట్స్ కోటా, కొందరికి ఇంటి ఆశలు మొత్తం ఆ ఒక్క సెలక్షన్ మీదే ఉంటాయి. ఆ సంగతి తెలుసుకొని మాట్లాడితేనే అతడు మీకు నిజం చెబుతాడు, లేకపోతే నొప్పి దాచిపెడతాడు. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్‌లో 15 వ్యాయామాలు ఉంటాయి, సుమారు 20 నిమిషాలు పడుతుంది. దాన్ని జట్టుకు మీరే నేర్పండి. నేర్పుతూ ఉంటే, దూకి దిగేటప్పుడు ఎవరి మోకాలు లోపలికి పడుతుందో మీ కంటికి అలవాటవుతుంది. ఆడపిల్లల జట్టులో ఎవరైనా త్వరగా అలసిపోతుంటే, తరచూ దెబ్బలు తగులుతుంటే హిమోగ్లోబిన్ చూడండి, నెలసరి క్రమం గురించి మహిళా ఉపాధ్యాయురాలి సమక్షంలో అడగండి.

మందుల విషయం మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. మన ఊళ్లలో నొప్పి అనగానే ఆర్.ఎం.పి. దగ్గర డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, ట్రమడాల్ అనే నొప్పి ఇంజెక్షన్ వేయించుకొని వచ్చే ఆటగాళ్లు చాలామంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లన్నీ 2022 జనవరి 1 నుంచి, ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఉన్నాయి. రాష్ట్ర, జాతీయ స్థాయికి వెళ్లే ఆటగాడికి ఈ సంగతి చెప్పే మనిషి చాలాసార్లు మీరొక్కరే ఉంటారు. అతడు గత నెలలో ఎక్కడ ఏ ఇంజెక్షన్ వేయించుకున్నాడో ప్రతిసారీ అడిగి రాసుకోండి.

చదువు విషయానికొస్తే, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ క్రీడా వైద్యంలో డిప్లొమా ఇస్తుంది, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో క్రీడా గాయాల కేంద్రం ఉంది. ఈ రంగంలోనే స్థిరపడాలనుకుంటే అటు వెళ్లండి. అయితే అక్కడికి వెళ్లే ముందు ఒక జట్టుతో కనీసం ఒక సీజను గడిపి వెళ్లినవారికి అక్కడ చెప్పేది రెండింతలు వంటబడుతుంది.

ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టాలనుకుంటే, గట్టి అట్ట ఉన్న ఒక పెద్ద నోటుబుక్కు కొనండి. ఒక్కో ఆటగాడికి ఎదురెదురుగా రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో దెబ్బ తగిలిన తీరు, గ్రౌండులో మీ పరీక్ష, మీ అంచనా రాయండి. కుడి పేజీని ఖాళీగా వదిలి, నాలుగో రోజు పరీక్ష, స్కాన్ లేదా ఆపరేషన్‌లో తేలింది, తిరిగి ఆడిన తేదీ, మళ్లీ దెబ్బ తగిలిందా లేదా అన్నవి వచ్చినప్పుడల్లా నింపండి. పేర్లకు బదులు జెర్సీ నంబర్లు రాసి, పుస్తకాన్ని తాళం వేసిన సొరుగులో ఉంచండి. నెలకోసారి కుడి పేజీలు ఖాళీగా మిగిలిన ఆటగాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లు ఆగిపోయిన చోటే మీరు నేర్చుకోవలసింది ఎక్కువగా ఉంటుంది. రాసేటప్పుడు సందేహాలు వస్తే ఆటగాడి గుర్తులేమీ లేకుండా ఇక్కడే అడగండి, తెలిసినంత వరకు సమాధానం రాస్తాను.